తాళంచెవుల గుత్తికి ఒక కత్తెర

ఆదివారం పొద్దున తలంటుకుని, తువ్వాలు చుట్టుకుని, యామిని స్నానాలగది గడియ లాగింది. గడియ రాలేదు. ఇంకొంచెం బలంగా లాగితే దాని పిడి పుటుక్కున ఊడి చేతిలోకి వచ్చింది. గడియ మాత్రం ద్వారబంధం చిల్లులో బిగుసుకుని అలాగే ఉండిపోయింది.

మొదట నవ్వొచ్చింది. పిడిని మళ్ళీ దాని చోట పెట్టి తిప్పి చూసింది. విరిగింది అతుక్కోదని తెలిశాక తలుపును రెండు చేతులా గుంజింది, భుజంతో తోసింది. పాతకాలపు టేకు తలుపు. ఆమె బరువుకు కదిలే రకం కాదు. ఫోను వంటింటి గట్టు మీద చార్జింగులో ఉంది. కింద వాటాలో ఉండే ఇంటామె శంకరియమ్మాళ్ తెల్లారుతూనే కూతురితో శ్రీవిల్లిపుత్తూరు పోయింది. ఒకపక్క ఇంట్లో టీవీ మోగుతోంది. ఇంకోపక్క ఖాళీ జాగా, అందులో ఒక మునగచెట్టు.

ఆ గదికి కిటికీ లేదు. పైన జానెడు వెడల్పున గాలి సందు మాత్రం ఉంది. బకెట్టు బోర్లించి, దాని మీదికెక్కి, ఆ సందులోంచి యామిని కేక వేసింది. సరిగ్గా అప్పుడే పాత ఇనుము, పాత ప్లాస్టిక్కు కొనే ఆటో మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చింది. అది మలుపు తిరిగేదాకా ఆగి మళ్ళీ పిలిచింది. ఎవరూ పలకలేదు. అలా ఎన్నిసార్లు పిలిచిందో, గొంతు బొంగురుపోయి దగ్గు వచ్చేసరికి దిగింది.

గడియను తలుపుకు పట్టి ఉంచిన మరలు నాలుగు. వాటి మీద ఎప్పటిదో ఆకుపచ్చ రంగు గడ్డకట్టి ఉంది. జడపిన్ను పెట్టి తిప్పితే పిన్ను వంగింది. టూత్‌బ్రష్ వెనక్కి తిప్పి ప్రయత్నిస్తే అది విరిగింది. చివరికి స్టీలు నాలుకబద్ద అంచు మర గాడిలో ఇమిడింది. జారుతుంటే మళ్ళీ పెట్టి, బొటనవేలి చర్మం లేచిపోయేదాకా తిప్పి, రంగు గీకి, మళ్ళీ తిప్పి, ఒక్కొక్క మరే ఊడదీసింది. గోడ మీద పడ్డ ఎండ చెదిరి, సన్నబడి, కనబడకుండా పోయాక ఆ తలుపు తెరుచుకుంది.

బయటికి రాగానే ఆమె చేసిన మొదటి పని ఫోను చూసుకోవడం. మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. రీచార్జి అయిపోవస్తోందని కంపెనీ పంపిన మెసేజి ఉంది, అంతే. తను ఇంతసేపు లోకంలో లేకపోయినా ఎవరికీ ఏదీ తక్కువ కాలేదు. తడి ఆరి అట్టకట్టిన జుట్టుతో వంటింట్లో నేల మీద కూర్చుని, యామిని పొద్దున ఉడికించి పెట్టిన ఇడ్లీలు చల్లగానే తిన్నది.

ఈ ఇంట్లో ఆమె ఒక్కతే ఉండటం మొదలై ఇంకా ఏడాది కాలేదు. అంతకుముందు పదేళ్ళకు పైగా ఇద్దరు ఉండేవాళ్ళు. యామిని, కణ్మణి. ఇద్దరూ సత్రపట్టిలో ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే గాజ్ గుడ్డ తయారుచేసే యూనిట్‌లోనే పనిచేసేవాళ్ళు. యామిని ప్యాకింగు చూసుకునేది, కణ్మణి కుట్టుమిషన్ల దగ్గర. ఇద్దరికీ పెళ్ళికాలేదు. కుదరక కొన్నాళ్ళు, ఇష్టంలేక కొన్నాళ్ళు, ఆ తర్వాత ఎవరూ అడగడం మానేశారు. అద్దె చెరిసగం, వంట వంతులవారీగా. ఒకే టౌన్ బస్సులో పోయి ఒకే టౌన్ బస్సులో తిరిగొచ్చేవాళ్ళు.

కణ్మణి భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డసంచీ ఉండేది. అందులో లేనిది లేదు. చిన్న కత్తెర, పిన్నీసులు, సూది, దారం, రబ్బరు బ్యాండ్లు, తలనొప్పి మాత్ర, ఆఖరికి గుండీలు కూడా. చెప్పు తెగినా, కళ్ళజోడు మర వదులైనా, పాలపాకెట్టు మూల కత్తిరించాలన్నా యామిని చెయ్యి చాపితే చాలు, ఏం కావాలని కూడా అడక్కుండా కణ్మణి అందులోంచి తీసి పెట్టేది. అలాంటి మనిషి పక్కనుండగా యామిని తనకంటూ ఒక పిన్నీసైనా దగ్గర పెట్టుకున్నది లేదు.

పోయిన ఆవణి నెలలో కణ్మణికి పెళ్ళయింది. నలభై దాటాక. కోయంబత్తూరులో స్పేర్ పార్ట్సు అంగడి ఉన్న మనిషి, మొదటి భార్య పోయింది. కణ్మణి అన్న తెచ్చిన సంబంధం. ఒప్పుకునే ముందు కణ్మణి బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, "పోదునావే?" అని అడిగింది. "పో" అంది యామిని. ఇంకేమంటుంది? పెళ్ళికి యూనిట్ అంతా వ్యానులో కదిలి వెళ్ళింది. అందరూ కణ్మణిని దీవించారు. ఒక స్నేహితురాలికి పెళ్ళయితే రెండో స్నేహితురాలిని పలకరించి ఓదార్చే ఆచారం ఏ ఊళ్ళోనూ లేదు కాబట్టి యామినిని ఎవరూ ఏమీ అడగలేదు.

సోమవారం యూనిట్‌లో మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకున్నప్పుడు యామిని స్నానాలగది సంగతి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. విన్నవాళ్ళూ నవ్వారు.

"నాలుకబద్దతోనా? అయ్యో అక్కా!" అని గుడ్డ మడతపెట్టే కాళియమ్మాళ్ పొట్ట పట్టుకుంది.

"ఇంక మీద ఫోన్ తీసుకపోయి లోపల పెట్టుకోమ్మా" అంది అందరిలోకి పెద్దదైన ధనం. ఆమె అంతటితో ఆగలేదు. "కణ్మణి మాదిరి నువ్వూ ఒక మంచి చోటు చూసుకొని ఉంటే ఇట్ల అయ్యుండునా?"

యామిని పెరుగన్నం కలుపుకుంది. సరుకు తోలే వ్యాను డ్రైవరు కళైయరసన్ మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి తన తాళంచెవుల గుత్తి ఆమె ముందు పెట్టాడు. చెవుల మధ్య వేలెడంత ఇనుప వస్తువు ఒకటి వేలాడుతోంది. దాన్ని విప్పితే చిన్న పటకారు. పటకారు పిడుల్లోంచి ఒక కత్తి, ఒక స్క్రూడ్రైవరు, ఒక ఆకురాయి బయటికి వచ్చాయి.

"ఇది ఉంటే నువ్వు మూడు నిమిషాల్లో బయటికి వచ్చుంటావు అక్కా. నేను స్నానానికి పోయినా సావిగుత్తి చేతిలోనే ఉంటాది. పెద్ద టూల్‌బాక్సు వ్యాను వండిలో ఉండాది, ఏం ప్రయోజనం? అవసరం వచ్చినప్పుడు అది ఎక్కడో ఉంటాది, మనం ఎక్కడో ఉంటాము."

యామిని దాన్ని చేతిలోకి తీసుకుని కత్తి తెరవబోయింది. రాలేదు. గోటితో పట్టి లాగడానికి కత్తి పక్కన సన్నని గీత ఉంది గానీ, ఆమెకు గోళ్ళు లేవు. గాజ్ గుడ్డకు గోరు తగిలితే పోగు లేచి చిక్కుపడుతుంది. అందుకని యూనిట్‌లో ఆడవాళ్ళందరూ గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటారు. అతనే తెరిచి చూపించాడు. బాగుంది, కానీ తనది కాదు అనిపించింది. అయినా అలాంటిదొకటి కొనుక్కోవాలన్న ఆలోచన ఆ రోజే మనసులో పడింది.

ఆ వారమంతా సాయంత్రాలు ఆమె ఫోన్లో వాటి వీడియోలే చూసింది. గడ్డాలు పెంచిన మగవాళ్ళు నున్నటి చెక్కబల్లల మీద రకరకాల పనిముట్లు వరసగా పేర్చి, ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతూ, కొమ్మలు చెక్కి, తాళ్ళు కోసి, సీసా మూతలు ఎగరగొట్టి చూపించేవాళ్ళు. ఒక్కొక్కదానికీ సీసా మూత తీసే కొక్కెం తప్పకుండా ఉండేది. నలుగురు చుట్టూ కూర్చుంటే సీసాలు తెరవాలి. తనకు దానితో ఏం పని? కొమ్మలు చెక్కే పనీ లేదు. మరి తనకు కావలసిందేమిటి?

అది తెలుసుకోవడానికి ఆమె తన రోజును తనే గమనించుకోవడం మొదలుపెట్టింది. పాలపాకెట్టు. కొరియర్ అట్టపెట్టె మీద టేపు. కొత్త రవికె మెడ దగ్గర గుచ్చుకునే లేబులు. కుక్కర్ పిడి వదులైంది. కళ్ళజోడు కాడ వేలాడుతోంది. యూనిట్‌లో చెక్క పెట్టెలు జరుపుతుంటే అరచేతిలో ముల్లు దిగింది, దాన్ని ఎడమచేత్తో తీసుకోలేక మర్నాటిదాకా అలాగే ఉంచుకుంది. ఇంతకుముందు ఇవన్నీ ఉన్నాయని కూడా ఆమెకు తెలియదు. చెయ్యి చాపగానే తీరిపోయేవి కాబట్టి వాటికి పేర్లు ఉండేవి కావు.

ఇంకొకటుంది. మెడలో గొలుసు. వెనకవైపు కొక్కెం చాలా చిన్నది, తనంతట తను పెట్టుకోలేదు. కణ్మణి ఉన్నప్పుడు బస్సుకు పరుగెత్తే హడావుడిలో కూడా జడ పక్కకు తోసి ఒక్క క్షణంలో తగిలించేసేది. ఆ పనికి పనికొచ్చే సాధనమేదీ ఏ వీడియోలోనూ కనబడలేదు. గొలుసు ఆవణి నుంచి డబ్బాలోనే ఉంది.

శుక్రవారం సాయంత్రం కణ్మణికి ఫోన్ చేసింది. వెనక మనుషుల మాటలు, గిన్నెల చప్పుడు వినబడుతున్నాయి.

"ఏమే, బాగుండావా?" అంది కణ్మణి. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"బాగుండాను. ఒకటి అడగాల నిన్ను. సావికి తగిలించుకునే కత్తిరి ఒకటి కొనాలని ఉండాను. పటకారు ఉండేది కొననా, కత్తిరి ఉండేది కొననా? నీకు తెలుసు కదా ఇవన్నీ."

అవతల ఎవరో ఏదో అడిగారు. "ఇదో వస్తాండాను అత్తా" అంది కణ్మణి. తర్వాత ఫోన్లోకి, "ఏదైనా ఒకటి కొనుక్కో యామినీ. నేను మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది.

ఆ రాత్రి చెయ్యలేదు. శనివారమూ చెయ్యలేదు. స్నానాలగది విషయం యామిని చెప్పనే లేదు.

పాత బస్టాండు వెనక హార్డ్‌వేర్ అంగళ్ళ వీధిలో, పైపులూ తాళాలూ అమ్మే ఒక పాత అంగడి ఉంది. యజమాని వేంకటసుబ్రహ్మణ్య రాజు. మనిషి పొట్టిగా, కళ్ళజోడు ముక్కు చివరకు జారవేసుకుని ఉంటాడు. యామిని అడిగిందేమిటో అర్థం కాగానే కింది అరలోంచి ఒక రేకు పళ్ళెం తీసి, దుమ్ము ఊది, ఆమె ముందు పెట్టాడు.

"తమ్మునికా మా? పుట్టినరోజుకు ఇచ్చేదానికా?"

"కాదన్నా. నాకే."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఒకసారి చూశాడు. పళ్ళెం ఇంకొంచెం ఆమె వైపు జరిపాడు.

మొదటిది తాళంచెవి ఆకారంలో ఉన్న ఉత్త రేకు. ఒక మూల స్క్రూడ్రైవరు మొన, ఒక పక్క రంపపు పళ్ళు, మధ్యలో సీసా మూత కొక్కెం. బరువే లేదు. తెరవడాలు, మూయడాలు లేవు. టేపు కోయగలదు, అంతకుమించి ఏమీ కోయలేదు. రెండోది కళైయరసన్ దగ్గరున్నదాని లాంటి పటకారు. దానికంటే చవక రకం. తెరిచి మూస్తే ఆమె అరచేతి చర్మం నొక్కుకుంది. కత్తి దాని కీలు దగ్గర అటూ ఇటూ ఊగుతోంది.

"అది వద్దు మా" అన్నాడాయన వెంటనే. "ఊగే కత్తి వేలు కోస్తాది. ఇది చూడు."

మూడోది మంచి పటకారు. గట్టిగా ఉంది, గట్టిగానే బరువుంది. గుత్తికి తగిలిస్తే బస్సులో సంచీ అడుగున రాయిలా ఉంటుంది. నాలుగోది చిటికెన వేలంత ఉంది, ఎర్రటి పిడి. అందులో కత్తెర, చిన్న కత్తి, ఆకురాయి, పక్కన దూర్చిన, ముల్లు తీసే ఒక చిన్న చిమటా. ఆమె కత్తెర తెరవబోయింది. గోరు లేని వేలు దాని మీద జారింది. మళ్ళీ జారింది. మూడోసారి కూడా రాకపోయేసరికి, ఎందుకో తెలియదు, యామినికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల పక్కకు తిప్పుకుని తాళాల అట్టలను చూస్తూ నిలబడింది.

వేంకటసుబ్రహ్మణ్య తొందరపెట్టలేదు. ఎవరో పైపు బెండు అడిగితే ఇచ్చి పంపి, తిరిగొచ్చి, "పోయిన వారంలో నీకు ఏది లేక కష్టమైంది మా? అది చెప్పు. వస్తువు చూసి అవసరం ఎంచుకోకూడదు" అన్నాడు.

ఆమె చెప్పింది. పాలపాకెట్టు, ముల్లు, కళ్ళజోడు, గడియ మరలు. గడియ మరల సంగతి చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"లేరన్నా. ఒక్కదాన్నే."

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. అన్నాక అంగట్లో ఫ్యాను చప్పుడు పెద్దగా వినబడింది. ఆయన "పాపం" అనలేదు, ఏ సలహా ఇవ్వలేదు. కిందికి వంగి ఇంకో పెట్టె వెతికి అందులోంచి ఒకటి తీశాడు. అదీ చిన్నదే. నల్ల పిడి. ముడిచి ఉన్నప్పుడు కూడా కత్తెర పిడి బయటికే ఉంటుంది. వేలి కొనతో పక్కకు తోస్తే చాలు, స్ప్రింగు విప్పుకుని నిలబడుతుంది. వెనక వైపు అడ్డం మొనదొక స్క్రూడ్రైవరు, నక్షత్రం మొనదొకటి. చిమటా ఉంది. కత్తి గోరంత.

"దీనికి గోరు అక్కర్లేదు. ఎడమచేత్తో తెరిచి చూడు."

ఎడమచేత్తో తెరిచింది. వచ్చింది. కుడిచేత్తో మూసింది. రుమాలు అంచున వేలాడుతున్న పోగును కత్తిరించింది. శుభ్రంగా తెగింది. పటకారు లేదే అన్న చిన్న వెలితి మాత్రం ఉంది.

"పటకారు పట్టే పని సంవత్సరానికి ఒక మాటు వస్తాది. కత్తిరి పని దినమూ వస్తాది. దినం వచ్చేదాన్ని జేబులో పెట్టుకో. మిగతాదానికి మా మాదిరి అంగళ్ళు ఉండాయి కదా" అన్నాడాయన.

తగిలించడానికి ఆమె గుత్తి తీసుకుని చూసి, "ఇందులో ఒకే సావి రెండు ఉండాయి మా. ఒకటి తీసేస్తే దీనికి చోటు వస్తాది" అన్నాడు. రెండోది కణ్మణిది. కోయంబత్తూరు పోయే రోజు బస్సెక్కబోతూ చేతిలో పెట్టిపోయింది. యామిని కొంచెంసేపు ఆలోచించి, "తీసి ఇయ్యన్నా" అంది. దాన్ని పర్సులో వేరే అరలో వేసుకుంది. గుత్తి మునుపటంత బరువే ఉంది.

ఆ తర్వాత రోజులు పెద్ద తేడా లేకుండా గడిచాయి. పాలపాకెట్టు మూల నేరుగా తెగేది. కళ్ళజోడు కాడ బిగిసింది. యూనిట్‌లో ఒకరిద్దరు, "అక్కా, నీ కత్తిరి" అని అడిగి తీసుకుని తిరిగిచ్చేవాళ్ళు. స్నానానికి పోయినా గుత్తి పట్టుకునే పోయేది. ఏ రోజూ ఏ గడియా మొరాయించలేదు. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చీకటి పడుతున్న కొండల వైపు చూస్తూ, సంచీలో చెయ్యి పెట్టి ఆ చిన్న వస్తువును తడుముకునేది. ధైర్యంగానే ఉండేది. అయితే ధైర్యం వేరు, తోడు వేరు అని తెలుస్తూనే ఉండేది.

సంక్రాంతి వెళ్ళాక తై నెలలో ధనం కూతురు తమిళ్‌సెల్వికి పెళ్ళి. కణ్మణి వస్తోందని ధనమే చెప్పింది. ఆ పొద్దున యామిని ఆకాశనీలం పట్టుచీర కట్టుకుని అందరికంటే ముందే మండపానికి చేరింది.

కణ్మణి భర్తతోనూ అత్తతోనూ వచ్చింది. చిక్కింది. మెడలో రెండు పేటల గొలుసు, చేతినిండా గాజులు. భుజాన గుడ్డసంచీ లేదు. అత్త చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపిస్తూ వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆ తర్వాతే యామిని దగ్గరికి వచ్చింది. ఆమె మొట్టమొదట చూసింది యామిని మెడ వైపు.

"గొలుసు ఏదే?"

"పెట్టుకునేది విడిచినాను."

కణ్మణికి ఎందుకో చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చూపు దించుకుంది. తర్వాత యామిని చెయ్యి పట్టుకుని, "నా రవికె వెనక కుట్టు విడిచింది, రా" అంటూ పెళ్ళికూతురి గది పక్కనున్న సామాన్ల గదిలోకి తీసుకుపోయింది. అరటిగెలలు, పళ్ళేల దొంతరల మధ్య నిలబడి వీపు చూపించింది. కుట్టు విడిచిన మాట నిజమే. పోగు ఒకటి పొడుగ్గా వేలాడుతోంది.

"కత్తిరి ఉండాదా?" అని అడిగింది, అడిగాక తనకే నవ్వొచ్చినట్టు తల తిప్పి చూసింది. అన్నేళ్ళలో కణ్మణి యామినిని అలా అడగడం అదే మొదలు.

యామిని గుత్తి తీసింది. వేలి కొనతో తోసి కత్తెర విప్పి, పోగు కత్తిరించి, తన కొంగుకున్న పిన్నీసు తీసి ఆ చోట పెట్టింది. కణ్మణి దాన్ని చేతిలోకి తీసుకుంది. తెరిచింది, మూసింది. అడ్డం మొన, నక్షత్రం మొన, చిమటా ఒక్కొక్కటే తీసి చూసింది. కుట్టుపని చేసిన చేతులు. ఆ చేతుల్లో అది చాలా ఏళ్ళుగా ఉన్నట్టు ఒదిగింది.

"ఎంత అందంగా ఉండాదే" అంది. కొంతసేపటికి, "ఆ ఇంట్లో ఒక కత్తిరి ఉండాది. అది మా అత్త బీరువాలో ఉంటాది. కావాలంటే అడగాల. అడిగితే ఏమిటికి అంటారు. కోసినాక తీసుకపోయి మళ్ళీ ఇయ్యాల. చెడ్డవాళ్ళు కాదే, మంచోళ్ళే. ఆ ఇంటి అలవాటు, పళక్కం అట్ల. నా సంచీ పైన అటక పరణ మీద పెట్టేసినారు, ఇంట్లో అన్నీ ఉండంగా ఇది ఏమిటికి అని" అంది.

"ఫోన్ చేస్తానంటివి."

"చెయ్యాలని ఉండె. నువ్వు కత్తిరి గురించి అడిగినావు కదా, ఒక గంట మాట్లాడాలని ఉండె నాకు. అందరూ హాల్లో కూర్చోనుండిరి. అందరి ముందర కత్తిరి గురించి ఒక గంట ఏం మాట్లాడేది?" ఆగి అడిగింది. "ఇంత దినం లేనిది, ఇది కొనాలని ఎట్ల తోచె నీకు?"

యామిని చెప్పింది. పిడి ఊడటం, బకెట్టు, నాలుకబద్ద, బొటనవేలు. ధనం వాళ్ళకు చెప్పినట్టే నవ్వుతూ మొదలుపెట్టింది. కణ్మణి నవ్వలేదు.

"ఎవర్నే పిలిచినావు?"

"నిన్నే."

"నన్నా?"

"నోటికి నీ పేరే వచ్చింది. నువ్వు కోయంబత్తూరులో ఉండావని తెలిసే పిలిచినాను. వేరే పేరు ఏదీ రాలేదు."

బయట మేళం జోరందుకుంది. ముహూర్తం దగ్గరపడుతున్నట్టుంది, ఎవరో అక్షింతల పళ్ళెం కోసం గదిలోకి తొంగిచూసి పోయారు. కణ్మణి అరటిగెల మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆమె ఏడవలేదు. చాలా మెల్లగా, "నేను వినలేదే" అంది. తప్పు చేసినదానిలా అంది.

"నువ్వు ఎట్ల వింటావు" అంది యామిని. గుత్తి వలయం విడదీసి, ఆ నల్ల పిడి కత్తెరను బయటికి లాగి, కణ్మణి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"పెట్టుకో."

"అయ్యో, నీకు?"

"నాకు అంగడి ఉండాది. నేను కొనాలంటే ఎవరి దగ్గరా చెప్పాల్సిన పని లేదు. నువ్వు పెట్టుకో."

కణ్మణి దాన్ని చీర కుచ్చిళ్ళ పక్కన దోపుకుని పైట సర్దుకుంది. ఇద్దరూ బయటికి వచ్చి అక్షింతలు వేశారు. భోజనాల దగ్గర వేర్వేరు పంక్తుల్లో కూర్చోవలసి వచ్చింది. మధ్యాహ్నానికి కారు వచ్చింది. అత్తను ముందు ఎక్కించి తలుపు వేసి, తను ఎక్కబోతూ కణ్మణి వెనక్కి తిరిగి, నడుము దగ్గర ఒక్కసారి తట్టుకుని చూపించింది. కారు వెళ్ళిపోయింది. యామిని మండపం మెట్ల మీద కొంతసేపు నిలబడి, షేర్ ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసింది.

ఇల్లు పొద్దున వదిలినట్టే ఉంది. కాఫీ గ్లాసు గట్టు మీద, దువ్వెన అద్దం ముందు. గుత్తికి ఇప్పుడు ఒకే ఒక్క తాళంచెవి. మేకుకు తగిలిస్తే చప్పుడు కూడా కాలేదు. పట్టుచీర విప్పబోతే జాకెట్టుకు కుట్టిన గాజుపూస ఒకటి కొంగు జరీలో చిక్కుకుంది. లాగితే జరీ తెగేలా ఉంది. కత్తెర కోసం చెయ్యి మేకు మీదికి పోయి వెనక్కి వచ్చింది. వంటింట్లో కత్తి ఉంది గానీ అది జరీకి పనికిరాదు. చాలాసేపు అలాగే అద్దం ముందు నిలబడి, కొంగు భుజాన చుట్టుకుని, కిందికి దిగి శంకరియమ్మాళ్ తలుపు తట్టింది. అద్దె ఇవ్వడానికి తప్ప ఆ తలుపు తట్టడం ఆమెకు అలవాటు లేదు.

శంకరియమ్మాళ్ గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసింది. మోకాళ్ళ నొప్పుల మనిషి.

"పెద్దమ్మా, కత్తిరి ఉంటే ఒక మాటు ఇయ్యండి."

"ఉండాది. ఎక్కడ పెట్టినానో తెల్దు. లోపలికి రా, వెతుకు" అందామె విసుగ్గానే.

టీవీ కింది సొరుగులో, పాత మందుచీటీల అడుగున కత్తెర దొరికింది. కాస్త తుప్పు పట్టింది గానీ మొన బాగానే ఉంది. యామిని అక్కడే కూర్చుని పూసను విడిపించుకుంది. తిరిగి ఇవ్వబోతుంటే శంకరియమ్మాళ్ తన కాళ్ళు ముందుకు చాపి చూపించింది. వేలి గోళ్ళు పెరిగి, పసుపుపచ్చగా ముదిరి, ఒకటి పక్క వేలి చర్మంలోకి దిగుతోంది.

"వంగేదానికి కాలేదు. కూతురు వచ్చినప్పుడు చెప్పాలనుకొంటాను, వచ్చినాక మరిచిపోతాను. కత్తిరి చేతిలో ఉండాది కదా, ఇదీ ఒకటి చేసి పెడతావా?"

యామిని నీళ్ళు తెచ్చి ఆ పాదాలు కాసేపు నానబెట్టింది. పట్టుచీరతోనే నేల మీద కూర్చుని, పాదం ఒళ్ళోకి తీసుకుని, ముదిరిన గోళ్ళను కొంచెం కొంచెంగా కత్తిరించింది. పెద్ద కత్తెర కావడంతో జాగ్రత్తగా చెయ్యాల్సి వచ్చింది. ఆమె చేస్తున్నంతసేపూ శంకరియమ్మాళ్ టీవీలో వస్తున్న సీరియల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో చెబుతూనే ఉంది. యామిని ఆ సీరియల్ ఎప్పుడూ చూడలేదు. అయినా ఊఁ కొడుతూ కూర్చుంది.

మరుసటి వారం వేంకటసుబ్రహ్మణ్య అంగడికి పోయి ఇంకొకటి కావాలంది.

"పోగొట్టుకున్నావా మా?"

"లేదన్నా, ఇచ్చినాను."

"అదేనా, వేరే చూస్తావా?"

ఆమె పళ్ళెం దగ్గరికి లాక్కుంది. "కత్తిరి ఉండాల. గోరు లేకుండా తెరిచేదానికి కావాల. దాంతో పాటు గోళ్ళు కోసేది కూడా ఉండేది ఏదైనా ఉండాదా? ముదిరిన గోళ్ళు. గట్టిదిగా ఉండాల."

వేంకటసుబ్రహ్మణ్య కళ్ళజోడు పైకి తోసుకుని, వంగి, కింది అరలో వెతకడం మొదలుపెట్టాడు.